గేటు మూసి ఉంది

మొదట చీమల్నే అనుమానించాను.
ఈ కరూ మెట్టల్లో ఏ గేటు మోటారు మూత విప్పినా
సగం కాపురం వాటిదే.
పెయింటు బ్రష్షుతో ఊడ్చి,
ఎండిపోయిన బల్లినొకదాన్ని వేలితో పక్కకు జరిపి చూశాను.
బోర్డు శుభ్రం. బ్యాటరీ నిండుగా ఉంది.
ఏ తప్పూ చెయ్యనివాడిలా
నన్నే ఎదురు చూస్తోంది.

మెట్ల మీద నిలబడి హెస్టర్ మాల్గాస్
నేరాల చిట్టా విప్పింది.
రాత్రి రెండు నలభైకి గేటు దానంతటదే తెరుచుకుంటుంది.
గేటు తెరిస్తే వరండా లైటు వెలగాలని నువ్వే పెట్టావు, వెలుగుతుంది.
దొంగలు జడుస్తారని రేడియో కూడా పెట్టావు,
అది గొర్రెల ధరలు చదువుతుంది.
అప్పుడొస్తుంది ముళ్లపంది.
"దీపం పెట్టి, రేడియో పెట్టి
నేనే దాన్ని భోజనానికి పిలిచినట్టు!"
కొరికి పారేసిన గుమ్మడికాయలు చూపించింది.
"రోజూనా?"
"రోజూ కాదు. ఒక్కో రోజు."

ఒక్కో రోజు.
నా వృత్తికి పట్టిన శని ఆ మాట.
పూర్తిగా చచ్చిన యంత్రం నయం,
ఒక్కో రోజు బాగుండే దానికి
ఏ జబ్బని మందు వేస్తాం?

వైర్లు మార్చాను. యాంటెన్నా ఎత్తు పెంచాను.
సెన్సారు కన్ను చొక్కా అంచుతో తుడిచాను.
గేటు నుంచి రేడియోని విడదీశాను, లైటుని విడదీశాను.
ఒక్కో ముడీ విప్పుకుంటూ పోతే
చివరికి మిగిలింది ఫోను నంబర్ల జాబితా.
పద్నాలుగు మంది. వీళ్లు పిలిస్తేనే గేటు పలుకుతుంది.
చెల్లెలు, పశువుల డాక్టరు, గ్యాసు బండివాడు, నేను.
అన్నిటికంటే పైన, చివర నాలుగు ఒకటి ఏడుతో ఒక నంబరు.
"అది నాదే," అంది హెస్టర్.
"అప్పులవాళ్ల ఫోన్లు పడలేక వదిలేశా."

వదిలేసింది, గేటుకి చెప్పలేదు.
అది పాపం రోజూ రాత్రి తొమ్మిదింటికి
ఆ పాత నంబరుకే బుద్ధిగా కబురు పంపుతోంది:
గేటు మూసి ఉంది.

డయల్ చేశాను.
నిద్రగొంతుతో ఎత్తాడు కగిసో మొసెకి,
అపింగ్టన్‌లో, రొట్టెల బట్టీలో రాత్రి పని.
మే నెలలో కొన్న కొత్త సిమ్ముతో వచ్చిందట ఈ నంబరు.
పనిలో ఫోను లాకర్లో పెట్టాలి. టీ తాగనిచ్చేది రెండు నలభైకి.
"తీసి చూస్తే అదే మెసేజి. ఎవరి గేటు? నాకేంటి?
ఆపండి బాబూ అందామని ఫోన్ చేస్తాను.
ఒక్క రింగుకే కట్ చేస్తారు. ఎంత పొగరండీ!"

స్క్రూడ్రైవర్ నా చేతిలోంచి జారి కంకరలో పడింది.
అయ్యా, కట్ చెయ్యడమే దాని జవాబు.
కట్ చేసి, తెరుచుకుంటుంది.

ఒకసారి చేసి ఊరుకున్న రాత్రి, గేటు తెల్లార్లూ బార్లా.
ఉండబట్టలేక రెండోసారి చేసిన రాత్రి, మూత.
బాగా ఒళ్లు మండి మూడోసారి చేస్తే మళ్లీ బార్లా.
సరి కోపాలు, బేసి కోపాలు.
ఇన్ని నెలలూ ముళ్లపంది రాత్రి భోజనం
ఈ లెక్క మీద నడిచింది.

విడమరిచి చెప్పాను. అవతల మంచం కిర్రుమంది.
"నేను పిలిస్తే ఎక్కడో ఒక గేటు తెరుచుకునేదా?"
కాసేపు నవ్వాడు.
"పిలిస్తే మా పిల్లి కూడా రాదు."

హెస్టర్ నవ్వలేదు.
"తీసెయ్, ఫ్లోరిస్."
ఖాయమా అని యంత్రం రెండుసార్లు అడిగింది.
ఖాయం. ఖాయం.
కూలి డబ్బులతో పాటు సగం గుమ్మడికాయ ఇచ్చింది,
పంటిగాట్లున్న సగం.

నెల తర్వాత సర్వీసుకి వెళ్లి
గేటు దాచుకున్న లెక్కలు తిరగేశాను.
ఒకే ఒక్క రాత్రి, రెండు నలభై:
తెలియని నంబరు. ఒకసారి. తెరవలేదు.
ఆ రాత్రి అతనికి ఏ కబురూ వెళ్లలేదు మరి.

హెస్టర్‌కి చెప్పలేదు.
బోర్డు మీద మళ్లీ చీమలు చేరాయి,
బ్రష్షు తీసి ఊడ్చాను.